బావమరిదికి బిరుదు ఎప్పుడివ్వాలి?

అమ్మాయీ,

ప్రాచీన చైనాలో హాన్ రాజవంశం కాలం మీద నువ్వు రాసిన కథ చదివాను. చిన్నప్పుడే ఎవరో ఎత్తుకుపోయి అమ్మేసిన దౌ గ్వాంగ్‌గ్వో, మహారాణి అయిన అక్క ముందు నిలబడే ఘట్టం బాగా పండింది. పదికి పైగా ఇళ్లు చేతులు మారడం, యియాంగ్ కొండల్లో బొగ్గులు కాల్చడం, చరియ విరిగిపడి వందమందికి పైగా పోతే తనొక్కడే బతకడం, అక్క తల రుద్ది అన్నం పెట్టి వెళ్లిపోయిన సత్రం, అన్నీ కుదిరాయి. ఆ కలయిక చూసి పరిచారకులంతా నేలమీద పడి మహారాణి ఏడుపుకి సాయం పట్టారని హాన్ కాలపు చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. నాకైతే వెటకారమే అనిపిస్తుంది. దాన్నెందుకు వదిలేశావు?

పేచీ తర్వాతి పేజీలో ఉంది. కన్నీళ్లు ఆరకముందే మహారాణి భర్త వెన్ చక్రవర్తి బావమరిదికి 'హౌ' బిరుదు ఇచ్చేశాడని రాశావు. అలా జరగలేదు. పొలాలు, ఇల్లు, డబ్బు ఇచ్చి రాజధాని చాంగాన్‌లో కాపురం పెట్టించాడు. బిరుదు మాత్రం తను బతికుండగా ఇవ్వలేదు. నీకు అసలు కథ దొరికేది ఆ ఇవ్వకపోవడంలోనే.

హౌ అంటే ఊరికే పేరు ముందు తగిలించుకునే మాట కాదు. ఇన్ని ఇళ్ల పన్ను నీదని రాసిచ్చే వంశపారంపర్య హక్కు. ఇంటికి ఏడాదికి 200 నాణేల లెక్కన వెయ్యి ఇళ్లున్నవాడికి 2 లక్షలు. కథలో ఎక్కడో ఈ లెక్క పడాలి. లేకపోతే వీళ్లంతా దేనికి కొట్టుకుంటున్నారో పాఠకుడికి తెలియదు.

భయం కూడా పడాలి. హాన్ వంశ మూలపురుషుడు ల్యూ బాంగ్ తెల్ల గుర్రాన్ని బలిచ్చి ప్రమాణం చేయించాడు: ల్యూ ఇంటివాడు కానివాడు రాజు కాకూడదు, ఘనకార్యం చేయనివాడు హౌ కాకూడదు. ఆయన భార్య లూ మహారాణి పుట్టింటివాళ్లను రాజుల్నే చేసింది. క్రీ.పూ. 180లో ఆమె పోగానే వాళ్లందర్నీ నరికేశారు. ఆ పనిలో ముందున్న జౌ బో, గ్వాన్ యింగ్‌లే ఇప్పుడు ఈ కొత్త బావమరుదుల్ని, అంటే గ్వాంగ్‌గ్వోనీ అతని అన్ననీ చూసి, మన ప్రాణాలు వీళ్ల చేతుల్లో ఉన్నాయని హడలిపోయారు. మంచి నడవడి ఉన్న పెద్దల్ని ఏరి వాళ్ల పక్కన పెట్టారు. బొగ్గుల కుర్రాడికి మర్యాదలు నేర్పే ఆ పాఠాలు ఎంత సరదాగా, ఎంత టెన్షన్‌గా రాయొచ్చో ఊహించు! అతను నిజంగానే పెద్దమనిషి అయ్యాడు. తర్వాత అతన్ని మంత్రుల్లో పెద్దపదవికి తీసుకోవాలని చక్రవర్తికే అనిపించింది. లోకం పక్షపాతం అంటుందని మానేశాడు.

క్రీ.పూ. 157లో వెన్ పోయి, వెన్ కొడుకు, అంటే గ్వాంగ్‌గ్వో మేనల్లుడు జింగ్ గద్దెనెక్కాకే గ్వాంగ్‌గ్వో హౌ అయ్యాడు.

ఇంకొకటి. నీ కథలో అన్నయ్య చాంగ్‌జున్ అసలు లేడు. మహారాణికి అన్న ఉన్నాడు, బిరుదు రాకముందే పోయాడు. అతని కొడుకు పెంగ్జుకు తర్వాత వచ్చింది. ఆ బాధ ఆమెను వదల్లేదు. ఏళ్లు గడిచాక, కోడలి అన్న వాంగ్ షిన్‌కు హౌ ఇవ్వమని కొడుకు జింగ్‌ను పోరింది. నాన్న మీ వాళ్లకు ఇవ్వలేదు కదా అని అతను తప్పించుకోబోతే, మా అన్న బతికుండగా దక్కలేదని నాకెంత బాధో, త్వరగా ఇచ్చెయ్యి అంది. మంత్రిని అడుగుతానన్నాడు జింగ్. ఆ మంత్రి జౌ యాఫు, జౌ బో కొడుకే. తెల్ల గుర్రం ప్రమాణం గుర్తుచేసి, ఇప్పటి మహారాణి అన్నే అయినా ఏ ఘనకార్యమూ చేయలేదు, కుదరదన్నాడు. జింగ్ మాట్లాడలేకపోయాడు.

చివరికి వాంగ్ షిన్‌కు బిరుదు దక్కనే దక్కింది. యాఫు వేరే నేరారోపణ మీద చెరలో అన్నం మానేసి, నెత్తురు కక్కుకుని చచ్చిపోయాడు. అంతదూరం నీ కథ వెళ్లక్కర్లేదు. కానీ అన్నయ్యను మొదటి పేజీల్లోనే తీసుకురా, తమ్ముడు దొరికిన రోజు అతన్ని కూడా ఆ గదిలో నిలబెట్టు. తిరగరాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు