డిస్క్‌వరల్డ్ నవలలు 41, వరుసగానే చదవాలా?

టెర్రీ ప్రాచెట్ రాసిన హాస్య ఫాంటసీ నవలల వరుస డిస్క్‌వరల్డ్‌లో మొదటి నవల సగంలో ఆగిపోయానని, మిగతావి ఎలా చదవాలని అడిగారు కదా. టెన్షన్ పడకండి, తప్పు మీది కాదు. 1983లో ఆ మొదటి నవల ‘ద కలర్ ఆఫ్ మ్యాజిక్’ వచ్చేనాటికి ప్రాచెట్ ఇంగ్లండ్‌లో కరెంటు బోర్డు ప్రెస్ ఆఫీసరు. అణు విద్యుత్ కేంద్రాల గురించి విలేకరులకు జవాబులు చెప్పుకోవాలి, పాపం! ఆ నవల అప్పటి ఫాంటసీ కథల మీద వెటకారం. అవి చదవనివాళ్లకు సగం జోకులు అందవు.

1987లో ఉద్యోగం మానేశారు. ఆ ఏడాదే వచ్చిన ‘మోర్ట్’తో ఆయన చెయ్యి తిరిగిందని నా లెక్క. మీరు దాంతోనే మొదలుపెట్టండి. మృత్యువు ఒక కుర్రాణ్ణి శిష్యుడిగా పెట్టుకుంటాడు. మృత్యువు మాటలన్నీ ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాల్లో, కొటేషన్ గుర్తులు లేకుండా ఉంటాయి, అచ్చుతప్పు అనుకునేరు. తర్వాత ‘గార్డ్స్! గార్డ్స్!’ పట్టుకోండి, నగర కాపలాదారుల కథలన్నీ అక్కణ్ణుంచే.

ఆఖరి నవల ‘ద షెపర్డ్స్ క్రౌన్’ మాత్రం చివరికి ఉంచండి. 2007లో ప్రాచెట్‌కు అల్జీమర్స్ బయటపడ్డాక టైపు చేయడం కష్టమై, నోటితో చెప్పి రాయించేవారు. 2015 మార్చిలో పోయారు, ఆ నవల ఆ తర్వాతే వచ్చింది. అది టిఫనీ అనే మంత్రగత్తె పిల్ల కథ, దానికంటే ముందు ఆమె కథలు నాలుగున్నాయి, 2003 నాటి ‘ద వీ ఫ్రీ మెన్’ నుంచి.