పంటి కొలత, పెదవి ముద్ర: ఈ రంగంలోకి వెళ్లే ముందు

ప్రశ్న: నేను దంతవైద్యం చివరి సంవత్సరం చదువుతున్నాను. పళ్లు, పెదవి ముద్రల ఆధారంగా గుర్తు తెలియని మృతులు స్త్రీలో పురుషులో తేల్చే ఫోరెన్సిక్ ఒడంటాలజీ నాకు బాగా నచ్చింది. చికిత్స చేయడం మాని పూర్తిగా ఈ రంగంలోకే వెళ్లవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి, కానీ చికిత్సను మాత్రం మానకండి. ఈ నిపుణులకు పూర్తికాలపు ఉద్యోగాలు తక్కువ; చాలామంది తమ వైద్యవృత్తి చేసుకుంటూనే, పిలుపు వచ్చినప్పుడు వెళ్లి సహాయపడతారు. పైగా అక్కడి పనిలో అధికభాగం మృతుల పళ్లను పాత ఎక్స్‌రేలతో, చికిత్స రికార్డులతో పోల్చి చూడడమే. రోజూ పళ్లు చూసే కంటికే ఆ పోలికలు అందుతాయి.

మీకు నచ్చిన లింగ నిర్ధారణ విషయానికి వస్తే, శాశ్వత దంతాలలో స్త్రీపురుష భేదం ఎక్కువగా కనిపించేది కింది దవడ కోరపళ్లలో. కోరపన్ను వెడల్పును రెండు కోరపళ్ల మధ్య దూరంతో భాగించి ఒక సూచికను లెక్కిస్తారు. అయితే ఇద్దరి కొలతలూ చాలామేరకు కలిసిపోతాయి, ఒక జనసమూహానికి సరిపోయిన హద్దు మరొక సమూహంలో తప్పుతుంది కనుక, కొలత ఒక్కదానితో తీర్పు చెప్పడం సాహసమే. పంటి గుజ్జులో డీఎన్‌ఏ దొరికితే ఆధారం చాలా బలపడుతుంది. పంటి ఎనామెల్ తయారీకి తోడ్పడే అమెలోజెనిన్ జన్యువుకు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్న ప్రతిలో, వై మీది ప్రతితో పోలిస్తే, ఒకచోట 6 బేస్ జతలు (డీఎన్‌ఏ పొడవును కొలిచే ప్రమాణం) తక్కువగా ఉంటాయి. అందువల్ల విస్తృతంగా వాడే పరీక్షలో స్త్రీకి 106 జతల ముక్క ఒక్కటే కనిపిస్తే, పురుషుడికి 106తో పాటు 112 జతల ముక్క కూడా కనిపిస్తుంది. కొందరు పురుషుల వై క్రోమోజోములో ఆ భాగమే ఉండదు. అటువంటి వారిని ఈ పరీక్ష స్త్రీగా చూపుతుంది కాబట్టి, వై క్రోమోజోము మీదే ఉండే ఎస్ఆర్‌వై వంటి మరో జన్యువును కూడా పరీక్షించాలి.

పెదవి ముద్రల విషయంలో నేను మరింత జాగ్రత్త చెబుతాను. జపాన్‌కు చెందిన సుజుకి, త్సుచిహాషి పెదవుల గీతలను రకాలుగా విభజించినప్పటి నుంచి ఎన్నో అధ్యయనాలు వచ్చినా, ఏ రకం గీత స్త్రీలలో ఎక్కువ అన్న దానిపై అవి ఏకాభిప్రాయానికి రాలేదు. నొక్కిన ఒత్తిడిని బట్టి, పూసిన రంగును బట్టి ఒకే మనిషి ముద్ర మారుతుంది. మరణానంతరం పెదవులు త్వరగా ఎండి ముడుచుకుంటాయి. దీన్ని తోడు ఆధారంగానే నేర్చుకోండి.

చదువుతో పాటు గణాంకశాస్త్రం, నివేదిక రాయడం ఇప్పుడే మొదలుపెట్టండి. కోరపళ్ల నమూనాలను మీరొకసారి, మీ సహాధ్యాయి మరొకసారి విడివిడిగా కొలిచి, రెండింటి మధ్య తేడా ఎంత వచ్చిందో రాసిపెట్టుకోండి. రేపు న్యాయస్థానంలో మిమ్మల్ని అడిగేది ఆ తేడా గురించే.