కొత్త ఫీచర్ ఇవ్వలేదనా, పాత ఫీచర్ తీసేశారనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది దేవరకొండ. ఫొటో స్టూడియో మీదే బతుకుతున్నాం. పనికి ఇద్దరు కుర్రాళ్లున్నారు. 2022 మార్చిలో నా భార్య పుస్తెలతాడు కుదువపెట్టి, హైదరాబాద్ డీలర్ దగ్గర ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ లైఫ్‌టైమ్ లైసెన్స్ 24 వేలకు కొన్నాను. ‘జిందగీ భర్ అప్‌డేట్స్ ఫ్రీ’ అని అతను వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. 2024 ఆగస్టులో అప్‌డేట్ చేయగానే పెద్ద సైజు ప్రింట్ ఫైల్ తీసే ఆప్షన్ మీద తాళం గుర్తు వచ్చింది. కొత్త ఏఐ బ్యాక్‌గ్రౌండ్ టూల్ కూడా నెలకు 799 రూపాయలు కట్టినవాళ్లకేనట. పెళ్లిళ్ల గిరాకీ పక్క స్టూడియోకు పోతోంది, టెన్షన్‌తో నిద్ర లేదు. కంపెనీకి ఎన్ని మెయిల్స్ పెట్టినా ఫలితం లేదు. ఫోన్ మార్చినప్పుడు డీలర్ చాట్ పోయింది. బిల్లు ఎక్కడ పెట్టానో తెలియదు. పది లక్షల పరిహారం వస్తుందా? ఐదు వందలిస్తే క్రాక్ వేసిస్తానని ఒకతను అంటున్నాడు, వేయించుకోవచ్చా?

జవాబు: పుస్తెలతాడు సంగతి ఫిర్యాదులో రాయకండి. దానితో కేసు తేలదు. మీరు రెండు వేర్వేరు బాధలను ఒకే గంపలో పోశారు, ముందు వాటిని విడదీయాలి.

కొత్త ఏఐ టూల్ మీరు కొన్న రోజున లేదు. కొత్తగా తయారుచేసినదాన్ని డబ్బు కట్టేవాళ్లకే ఇస్తామనడం కంపెనీ ఇష్టం. ఒక్క ఆ ఫిర్యాదుతో వెళ్తే మీ కేసు నిలవదు. ప్రింట్ ఆప్షన్ సంగతి అలా కాదు. అది మీరు 24 వేలు పెట్టి కొన్న సరుకులో భాగం. ఇచ్చినదాన్ని తీసేసి, మళ్లీ దానికే నెలనెలా కట్టమనడం సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించవచ్చు. మీ కేసు దీని మీదే నడవాలి. డీలర్ మెసేజ్ దొరికితే ఏఐ టూల్ గురించి కూడా అడగడానికి కాస్త చోటు దొరుకుతుంది. దొరక్కపోతే దాని ఊసెత్తకండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఆప్షన్‌కు తాళం పడింది 2024 ఆగస్టులో. అంటే 2026 ఆగస్టుతో సరి. మెయిల్స్ పెడుతూ కూర్చుంటే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కేసు వినే వినియోగదారుల కమిషన్‌కు ఉంది కానీ, ‘జవాబు వస్తుందేమోనని చూశాను’ అన్నది గట్టి కారణం కాదు.

24 వేల వస్తువు కొని బిల్లు పారేసుకోవడం, చాట్ బ్యాకప్ తీయకుండా ఫోన్ మార్చడం ఏం పద్ధతండీ? అవతలి లాయరు మొదట అడిగేది ఆ రెండే. సరే, జరిగిందేదో జరిగింది. 2022 మార్చి బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. యూపీఐలో కట్టి ఉంటే డీలర్ పేరు, తేదీ అందులోనే ఉంటాయి. డీలర్‌ను బిల్లు కాపీ అడగండి, ఫోన్‌లో కాదు, మెయిల్‌లో. లైసెన్స్ కీ వచ్చిన పాత మెయిల్ వెతకండి. పాత ఫోన్ ఇంట్లోనే ఉంటే చాట్ అందులో ఉందేమో చూడండి. కంపెనీ అమ్మకం పేజీ 2022లో ఎలా ఉండేదో పాత వెబ్ పేజీలను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో దొరకవచ్చు. అందులో ప్రింట్ ఆప్షన్ పేరు కనబడితే డీలర్ మెసేజ్ కంటే అదే బలమైన సాక్ష్యం. తాళం పడిన స్క్రీన్‌ను తేదీ కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. కన్స్యూమర్ కమిషన్‌లో అంత పట్టింపు ఉండదని కొందరంటారు. ఆ మాట నమ్మి వదిలేయకండి.

క్రాక్ జోలికి మాత్రం అస్సలు పోకండి. అది దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల వరకు జరిమానా. ఇప్పుడు మీరు ఫిర్యాదుదారు. క్రాక్ వేసిన మరుసటి రోజు నుంచి ముద్దాయి. అవతలివాళ్లకు అంతకంటే మంచి డిఫెన్స్ ఇంకోటి దొరకదు. సీజన్‌లో పని ఆగకూడదనుకుంటే ఆ 799 కట్టండి. కట్టేముందు ‘నా అభ్యంతరం అలాగే ఉంది, గత్యంతరం లేక కడుతున్నాను’ అని కంపెనీకి మెయిల్ పెట్టండి. ఆ డబ్బు కూడా ఫిర్యాదులో అడగవచ్చు.

స్టూడియో వ్యాపారం కదా, మీరు వినియోగదారు కాదని వాళ్లు తప్పక అంటారు. బతుకుదెరువు కోసం స్వయంగా చేసుకునే పనికి కొన్నవాళ్లు వినియోగదారులే. ఒకరిద్దరు సహాయకులున్నా ఆ హోదా పోదని లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఈ సంగతి ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయాలి. లైసెన్స్ షరతుల్లో ఎక్కడో కేసులు బెంగళూరు కోర్టుల్లోనే అని ఉన్నా భయపడకండి. మీరు ఉండే చోటే వేయవచ్చు, అంటే నల్గొండ జిల్లా కమిషన్‌లో. అయితే ఒక జాగ్రత్త. ‘ఫీచర్లు ఎప్పుడైనా మార్చే హక్కు మాకుంది’ అనే షరతు ఉంటే, అది అన్యాయపు ఒప్పందం కాబట్టి కొట్టేయమని నల్గొండలో అడగకండి. ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కే ఉంది. జిల్లాలో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్నంతవరకే ఉండండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని కంపెనీలు అక్కడే దిగొస్తాయి. అదే వారంలో కంపెనీకి, డీలర్‌కు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. ఆ తర్వాత వినియోగదారుల కేసుల ప్రభుత్వ పోర్టల్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనే కేసు వేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. పది లక్షల మాట మర్చిపోండి. ఆప్షన్ తిరిగి ఇవ్వాలి, లేదా 24 వేలు వాపసు చేయాలి, కట్టిన నెలవారీ డబ్బు, కొంత పరిహారం, ఖర్చులు కూడా ఇవ్వాలి అని అడగండి. గిరాకీ నష్టం అడగాలంటే ముందటి ఏడాది, ఈ ఏడాది ఆర్డర్ పుస్తకాలు చూపాలి. ‘పక్క స్టూడియోకు పోయారు’ అంటే సరిపోదు.

నోటీసులో ఇంకో మాట కూడా రాయండి: అప్‌డేట్‌కు ముందున్న వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను, అదే కీతో పనిచేసేలా నాకు ఇవ్వండి అని. దానికి ఒప్పుకుంటే తీసుకుని, ప్రింట్ ఆప్షన్ పనిచేస్తోందని చూసుకున్నాకే రాజీ కాగితం మీద సంతకం పెట్టండి. కొత్త సీజన్ నాటికి మీకు కావాల్సింది అదే.