వెలిసిపోయిన ఎర్ర కారుకి కోటింగ్ వేయిస్తే చాలా?

ప్రశ్న: మాది 2006 మోడల్ ఎర్ర మారుతి 800. ఇల్లు విశాఖలో, బీచ్‌కి దగ్గర. ఇంజిన్‌తో ఏ గొడవా లేదు కానీ బానెట్, టాప్ వెలిసి సుద్ద రాసినట్టు తయారయ్యాయి, తుడిస్తే గుడ్డకి ఎర్ర పొడి అంటుతోంది. ఎడమ డోర్ కింద అంచున పెయింట్ ఉబ్బింది కూడా. సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద వేసే గట్టి పారదర్శక పూత) వేయిస్తే కొత్తదానిలా అవుతుందని పాలిష్ షాపువాళ్లు, ఫుల్ పెయింట్ కొట్టించాల్సిందేనని టింకరింగ్ మేస్త్రి. ఎవరి మాట వినాలండీ?

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి.

గుడ్డకి ఎర్ర పొడి అంటుతోందంటే మీకు కాస్త కలిసొచ్చినట్టే. ఆ రంగు మీద క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శకమైన పై పొర, లేదన్నమాట, ఎండకి పై పొర మాత్రమే చచ్చి పొడిగా మారింది, దాన్ని తీసేస్తే కింద అసలు ఎరుపు ఇంకా ఉండొచ్చు. అదే మెటాలిక్ రంగు కారై పైన పారదర్శకంగా ఉండే పొర పొట్టులా లేస్తూ ఉంటే మాత్రం ఎంత పాలిష్ పట్టినా దండగే, ఆ ప్యానెల్ మళ్లీ పెయింట్ చేయించాల్సిందే.

అయితే ముందు పాలిష్ కాదు, ఆ ఉబ్బు సంగతి చూడండి. దాని కింద తుప్పు ఉంటుంది, సముద్రపు గాలికి అది ఆగదు. గీకించి, మెటల్ కనబడేదాకా సాండింగ్ చేయించి, ప్రైమర్ కొట్టించి, ఆ కాస్త మేరకే టచప్ చేయించండి. డోర్ కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, మట్టితో పూడిపోయి ఉంటే పుల్లతో తీసేయండి. చాలా డోర్లు లోపలినుంచి కుళ్లేది ఇందుకే.

తర్వాత కారు కడిగి, క్లే బార్‌తో (మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) అంటుకున్న మురికి లాగించి, బానెట్ మీద ఓ మూల జానెడు మేర సన్న పాలిష్‌తో చేత్తో రుద్ది చూడండి. ఎరుపు తేలితే మిగతాదంతా మెషిన్‌తో చేయించుకోవచ్చు. తేలకపోతే కొంచెం గరుకు కాంపౌండ్ (రుద్దే పేస్టు), అదీ మేస్త్రి పక్కనే నిలబడి. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు, ప్రతి రబ్బింగూ అందులోంచే కొంత తినేస్తుంది. అంచుల దగ్గర పెయింట్ ఇంకా పల్చన కాబట్టి మెషిన్ పెట్టేముందు అక్కడ టేప్ వేయమనండి. ప్రైమర్ బయటపడిందా, ఇక ఆ ప్యానెల్‌కి పెయింటే గతి.

ఇక సిరామిక్ కోటింగ్. అది పోయిన రంగుని తీసుకురాదు, కింద ఏది ఉంటే దాన్నే మెరిపిస్తుంది. ఇరవై ఏళ్ల 800కి అంత ఖర్చు నాకైతే అనవసరం అనిపిస్తుంది. పాలిష్ అవగానే మంచి వాక్స్ పట్టించి, నీళ్లు పోసినప్పుడు ముత్యాల్లా నిలబడక పరుచుకుంటున్నాయంటే మళ్లీ పట్టించండి, ఉప్పుగాలికి అది త్వరగానే పోతుంది.

బట్టల సబ్బు, గిన్నెల లిక్విడ్ వద్దు, వాక్స్‌ని ఊడ్చేస్తాయి. పిట్ట రెట్టని ఎండనివ్వకుండా తడిపి తీయండి. దుమ్ము మీద కవర్ వేయొద్దు, గాలికి ఊగి సాండ్ పేపర్ పనే చేస్తుంది. ఒకవేళ ఫుల్ పెయింట్‌కే వెళ్తే ఎరుపే ఉంచండి, రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి.