ముందు తెలిసేది నీకే

చిరంజీవి సౌజన్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లు ఉండే ఇంట్లో సహాయకురాలిగా చేరానని రాశావు. ఆరోగ్యం సంగతి డాక్టర్లు చూసుకుంటారు, వేళకి తిండి పెట్టి మందులు వేస్తే నీ పని అయిపోయినట్టే అన్నారట. ఆ మాట చెవిన పెట్టకు. డాక్టరు ఆ మనిషిని చూసేది కాసేపు, తక్కిన రోజంతా చూసేది నువ్వు. ఫలానా చోట నొప్పిగా ఉందని చెప్పలేని మనిషికి ఒంట్లో తేడా చేస్తే ముందు తెలిసేది నీకే.

అందుకే ఈ మొదటి నెలలో ఒక్కొక్కరి మామూలు రోజు ఎలా గడుస్తుందో రాసిపెట్టుకో. ఎంతసేపు నిద్రపోతారు, ఎంత తింటారు, ఎన్నాళ్లకోసారి విరేచనం అవుతుంది, హుషారుగా ఉంటే ఏం చేస్తారు, బాధగా ఉంటే ఏం చేస్తారు. నెలకోసారి బరువు చూడు. కన్నవాళ్లో తోబుట్టువులో ఉంటే అడుగు; ఏ పుస్తకంలోనూ దొరకని సంగతులు వాళ్ల దగ్గరుంటాయి. మామూలు తెలియనిదే మార్పు తెలియదు.

ఈ పనిలో నేను విన్న మాటలన్నిట్లోకీ ప్రమాదమైనది, "ఆవిడ ఎప్పుడూ అంతే." డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే జన్యు లోపం) ఉన్న ఒకావిడ మెట్ల దగ్గరికి రాగానే ఆగిపోయేది. లాగితే అరిచేది. మొండితనం అన్నారంతా. నేను పక్కనే నడుస్తూ గమనించాను: చదునైన నేల మీద కూడా గచ్చు రంగు మారిన చోటల్లా కాలు ఎత్తి, గడప దాటినట్టు దాటేది. కళ్ల డాక్టరుకు చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ అయ్యాక ఆ మెట్లే తనంతట తను దిగింది. తల కొట్టుకునే మనిషికి చెవిపోటు ఉండొచ్చు, పుచ్చిపన్ను ఉండొచ్చు. పిలిస్తే పలకని మనిషి చెవిలో గులిమి గట్టిపడి ఉండొచ్చు. ప్రవర్తన మారిందంటే ముందు ఒంట్లో కారణం వెతకమను. వైకల్యం కింద కొట్టిపారేయడం అన్నిటికన్నా ఆఖరున.

మలబద్ధకం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సిగ్గుపడి ఎవరూ మాట్లాడరు. వీళ్లలో ఇది చాలా మామూలు. ముదిరితే పేగు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. కదలిక తక్కువ, నీళ్లు తక్కువ. దానికితోడు మానసిక సమస్యలకిచ్చే మందులు, ఐరన్ మాత్రలు. గట్టిపడ్డ మలం లోపలే ఉండి దాని పక్కనుంచి నీళ్లలా కారుతుంది ఒక్కోసారి. అది చూసి విరేచనాలనుకుని, కట్టే మందు వేస్తే కొంప మునుగుతుంది. కాబట్టి ఎప్పుడైందో, ఎలా ఉందో రోజూ రాయి. మరుగుదొడ్లో కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కన్నా ఎత్తులో ఉండేలా కాళ్ల కింద చిన్న పీట వెయ్యి, తొందర పెట్టకు. పొట్ట ఉబ్బి గట్టిగా ఉండి వాంతులు కూడా అవుతుంటే తెల్లారేదాకా ఆగకు, ఆసుపత్రికి తీసుకెళ్లు.

తింటున్నప్పుడు పొలమారడం, తిన్నాక గొంతు గరగరలాడడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం కనిపిస్తే మింగడంలో లోపం ఉందేమో పరీక్ష చేయించమను. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టు, తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకు. రాత్రి పళ్లు తోమించడం కూడా ఇందులో భాగమే. నోట్లోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి.

మేధో వైకల్యం ఉన్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఫిట్స్ ఉంటాయి. ఫిట్ వస్తే గడియారం చూడు, పక్కకు తిప్పు, నోట్లో ఏమీ పెట్టకు. డాక్టరు ఆ మనిషికి విడిగా ఏమీ రాసివ్వకపోతే 5 నిమిషాలు దాటగానే అంబులెన్స్ పిలువు.

మాత్రల పట్టిక చూసి ప్రతి మందూ ఎందుకిస్తున్నారో అడుగు. పిచ్చి లేకపోయినా గొడవ చేస్తున్నారని ఆ జబ్బు మందులు ఏళ్ల తరబడి వేసేస్తారు. బరువు పెరిగి షుగర్ రావచ్చు. ఇంగ్లండ్‌లో ఈ అలవాటు తగ్గించడానికి అక్కడి ప్రభుత్వ వైద్య సేవల సంస్థ 2016లో ఒక కార్యక్రమమే మొదలుపెట్టింది. అలాగని నువ్వు సొంతంగా ఆపకు, హఠాత్తుగా ఆపినా ప్రమాదమే. డాక్టరుతో కలిసి నెమ్మదిగా తగ్గించాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు థైరాయిడ్ పరీక్ష ఏటా చేయించు. నలభై దాటాక మతిమరుపు జబ్బు వాళ్లకు త్వరగా వస్తుందన్నది నిజమే. కానీ ఆ పేరు పెట్టేముందు థైరాయిడ్, చెవులు, కళ్లు, నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు, ఇవన్నీ చూశారా అని అడుగు. వీటికి వైద్యం ఉంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు "అదోలా ఉన్నాడండీ" అనకు. "మంగళవారం నుంచి సగమే తింటున్నారు, రాత్రి మూడుసార్లు లేస్తున్నారు, కుడి చెంప పట్టుకుంటున్నారు" అని చెప్పు. డాక్టరు నిన్నే అడుగుతుంటే ఆ మనిషి వైపు తిరిగి, ఆయన్నే అడగమను. మాటలు రాకపోయినా అర్థమయ్యేది చాలా ఉంటుంది.

వచ్చే వారం మీ ఇంట్లో ఒకాయన్ని రక్త పరీక్షకు తీసుకెళ్లాలని, ఆయన సూది చూస్తే పరిగెత్తుతాడని రాశావుగా. ఉదయం అందరికన్నా ముందు సమయం ఇమ్మని అడుగు. ముందురోజు ఒకసారి ఊరికే తీసుకెళ్లి ఆ గది, కుర్చీ చూపించి వచ్చేయండి. చర్మం మొద్దుబారే క్రీమ్ ఉంటుంది. డాక్టరును అడిగి, చెప్పినంతసేపు ముందుగా చేతికి పుయ్యి. ఆ రోజు కూడా వద్దంటే బలవంతంగా పట్టుకోకండి, ఇంకో రోజుకు మార్చుకోండి. ఎలా జరిగిందో రాయి.

మీ పెద్దమ్మ