నాలుగు డోర్ల పికప్ కొనే ముందు

చిరంజీవి అల్లుడికి, మామ ఆశీస్సులు.

తోటకీ ఇంటికీ ఒకే బండి ఉండాలని నాలుగు డోర్ల పికప్ చూస్తున్నావని అక్క చెప్పింది. సంతోషం. పన్నెండేళ్లుగా అలాంటి బండే తోలుతున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు వెనక సీటు చూడు. వెనక సరుకు వేసే తొట్టికి చోటు వదలాలి కాబట్టి చాలా బండ్లలో ఆ సీటు వీపు నిటారుగా ఉంటుంది. షోరూములో కూర్చుంటే తెలియదు, చిత్తూరు నుంచి తిరుపతి దాకా కూర్చుంటే నడుము చెబుతుంది. ఎత్తు ఇంకో సమస్య. మా అమ్మ మొదటిసారి ఎక్కబోయి, ఒక చేత్తో డోరు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, కాలు పైకి లేవక అలాగే నిలబడిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడే ఫుట్‌స్టెప్పు, లోపల పట్టుకోవడానికి హ్యాండిలు పెట్టించా. అక్కకూ మోకాళ్ల నొప్పులే కదా.

తొట్టి చూస్తే నిండా వేసెయ్యాలనిపిస్తుంది. వద్దు. ఆర్‌సీలో రాసిన, లోడుతో కలిపిన మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే బండి మోసేది. మనుషులూ అందులోకే వస్తారు. ఐదుగురు ఎక్కితే మూడొందల కిలోలు అక్కడే పోయాయి. తోతాపురి క్రేటు ఇరవై కిలోలనుకుని లెక్క కట్టుకో. రోజూ దామలచెరువు మండీకి కాయలు తోలడమే పనైతే బొలెరో క్యాంపర్ చాలు. ఇంటి ప్రయాణాలే ఎక్కువంటే ఇసుజు వి-క్రాస్ చూడు, మన శ్రీసిటీలో తయారయ్యేదే. అయితే పొడవు దాదాపు 5.3 మీటర్లు. మీ షెడ్డు, వీధి మలుపు టేపు పెట్టి కొలువు. గాంధీ రోడ్డులో పండగపూట దాన్ని తిప్పాలంటే టెన్షనే.

సొంత వాడకానికి తెల్ల బోర్డా, కమర్షియల్‌గా పసుపు బోర్డా అన్నది కూడా ముందే తేల్చుకో. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ అన్నీ దాన్నిబట్టే.

ఘాట్‌లో మాత్రం నా మాట విను. వెనక కమాన్ కట్టలు, అంటే స్ప్రింగు పట్టీలు, బరువు కోసం చేసినవి. తొట్టి ఖాళీగా ఉంటే వెనక భాగం ఎగురుతుంది, వానలో జారుతుంది. ఒకసారి భాకరాపేట ఘాట్ దిగుతుంటే మలుపులో వెనక టైర్లు పక్కకు పోయాయి. ముప్పై స్పీడు కూడా లేదు. పిట్టగోడకు జానెడు దూరంలో ఆగింది. అప్పట్నుంచి వాన రోజు ఖాళీగా వెళ్లాల్సొస్తే రెండు ఇసుక మూటలు వెనక ఇరుసు మీదికి వచ్చేలా వేసి, కదలకుండా తాడు బిగిస్తా.

అడ్వాన్సు కట్టకముందు ఫోన్ చెయ్యి. టేపు నేను తెస్తా, అక్కను నువ్వు తీసుకురా. ఆమె ఎక్కి దిగాకే డబ్బులు ఇద్దాం.

మీ మామ