ప్రయారిటీ ఇచ్చే ముందు కాగితం మీద లెక్క

చి. కిరణ్‌కు బాబాయి ఆశీస్సులు.

మోటారు కంట్రోలర్ బోర్డు మీద ఫ్రీఆర్‌టీఓఎస్‌తో (సీపీయూ మీద ఏ పని ఎప్పుడు నడవాలో చూసే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) మూడు టాస్కులు పెడుతున్నానన్నావు. ముందు ఒక్కోదానికీ రెండు అంకెలు రాసుకో: ఎన్ని మిల్లీసెకన్లకోసారి రావాలి, వస్తే మహా అయితే ఎంతసేపు సీపీయూ తింటుంది. సగటు పనికిరాదు. టాస్కు మొదట్లో ఒక పిన్ను హై చేసి, చివర్లో లో చేసి ఆసిలోస్కోపులో చూడు. మిగతా టాస్కులు ఆపే కొలవాలి, లేకపోతే వాటి సమయం కూడా దీని ఖాతాలో పడుతుంది.

మోటారు వేగం చూసే స్పీడు లూపు 5కి 1 (5 మిల్లీసెకన్లకోసారి వచ్చి 1 తింటుంది), మిగతా బోర్డులతో మాట్లాడే క్యాన్ మెసేజీలు 20కి 6, డిస్‌ప్లే 50కి 15 అనుకుందాం. ఎవరికి తొందరగా తిరిగి రావాలో వాళ్లకే పెద్ద ప్రయారిటీ. ఏది 'ముఖ్యం' అన్న వాదన ఇక్కడ అనవసరం. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో పెద్ద అంకె అంటే పెద్ద ప్రయారిటీ. వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌లో తిరగేసి ఉంటుంది.

మొత్తం లోడు 80 శాతం. 1973లో లియూ, లేలాండ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన హద్దు మూడు టాస్కులకు 78 శాతమే. దాటామని కంగారుపడకు. లోడు హద్దులోపల ఉంటే చాలు, ఏ టాస్కూ గడువు (అంటే తను మళ్లీ రావాల్సిన వేళ) తప్పదు, దాటితే లెక్క వెయ్యాలి, అంతే. అందరికన్నా కింద ఉన్న డిస్‌ప్లేనే చూద్దాం: దానికి 15, పైవాళ్లు ఒక్కోసారి వస్తే 22. ఆ 22లో స్పీడు లూపు 5 సార్లు, క్యాన్ 2 సార్లు వస్తాయి: 15+5+12, అంటే 32. ఆ 32లో స్పీడు లూపు 7 సార్లు: 34. మళ్లీ వేసినా 34 దగ్గరే ఆగింది. 50 లోపే, ఢోకా లేదు.

అసలు చిక్కు లాక్‌తో, అంటే ఒకేదాన్ని ఇద్దరూ ఒకేసారి ముట్టుకోకుండా వేసే తాళంతో. డిస్‌ప్లే 2 మిల్లీసెకన్లు పట్టుకున్న లాక్ కోసం స్పీడు లూపు ఆగిందనుకో. మధ్యలో క్యాన్ దూరితే 6+2+1, మొత్తం 9, గడువు 5. నాసా నౌక మార్స్ పాత్‌ఫైండర్ 1997లో అంగారకుడి మీద మళ్లీ మళ్లీ రీసెట్ అయింది ఈ తరహా చిక్కుతోనే. మ్యూటెక్స్‌కి (ఆ తరహా లాక్‌కి) ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్, అంటే లాక్ పట్టుకున్నవాడికి కాసేపు ఎదురుచూసేవాడి ప్రయారిటీ ఇవ్వడం, ఆన్ చేశాక కుదుటపడింది. నువ్వూ మ్యూటెక్సే వాడు. లాక్‌లా వాడగలిగే మరో సాధనం, ఫ్రీఆర్‌టీఓఎస్ బైనరీ సెమాఫోర్‌కి ఆ గుణం లేదు.

స్పీడు లూపులో కాసేపు ఆగమనే వీటాస్క్‌డిలే ఫంక్షన్ వద్దు. పని అయ్యాక 5 లెక్కపెడుతుంది, నీ పీరియడ్ 6కి జారుతుంది. పోయినసారి లేచిన సమయం నుంచి లెక్కపెట్టే వీటాస్క్‌డిలేఅంటిల్ పెట్టు.

లాక్ పట్టుకుని, సీరియల్ తీగ మీద అక్షరాలు పంపే ప్రింట్‌ఎఫ్ అసలే వద్దు. 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) దగ్గర, బఫర్ లేకుండా పంపితే 60 అక్షరాలకే 5.2 మిల్లీసెకన్లు.

బాబాయి